జాతరలో అంగడికి మతం అడగవచ్చునా?

సంక్రాంతి దాటిన నాటి నుంచి ఎండాకాలం ముగిసేవరకు అనంతపురం జిల్లాలో ఏదో ఒక ఊరిలో తేరో, జాతరో, ఉరుసో జరుగుతూనే ఉంటుంది. పంట ఇంటికి వచ్చిన రోజులు కనుక పల్లెజనం చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటాయి. ఆ నాలుగు డబ్బులను నమ్ముకుని గాజులవారు, బొరుగులవారు, బొమ్మలవారు, మిఠాయివారు ఊరూరా తిరుగుతుంటారు. వీరిలో ముస్లింలు, దూదేకులవారు చాలామంది ఉన్నారు. ఇన్నేళ్లుగా వీరిని "ఆశీలు కట్టినావా?" అని అడిగినవారే తప్ప "నీ పేరేమి?" అని అడిగినవారు లేరు. ఇటీవల అక్కడక్కడ ఆ రెండవ ప్రశ్న వినవస్తున్నది. చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న మీద ఒక కుటుంబం ఏడాది బతుకు ఆధారపడి ఉన్నదని గ్రామస్థులు గుర్తించవలసి ఉన్నది.

ఒక తేరులో జరిగినది

గత సంవత్సరం ఈ విలేఖరి వెళ్లిన ఒక తేరులో నలుగురు యువకులు అంగళ్ల వరుసలో నడుస్తూ ఒక్కొక్కరి పేరు అడగసాగారు. ఊరి పేరు ఇక్కడ అనవసరం. గాజులు అమ్మే ఒక ముసలాయన తన పేరు చెప్పగానే "గుడి ముందర నీకేం పని, సర్దుకో" అన్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. గాజుల మలారం కట్టుకోసాగాడు. చిన్ననాడు తండ్రి వెంట వచ్చినప్పటి నుంచి ఆ తేరు తప్పనివాడాయన. చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమందికి అది తప్పని తెలుసు. కాని ఎవరూ నోరు విప్పలేదు. అలా చూస్తూ నిలబడిన వారిలో ఈ విలేఖరి కూడా ఒకడని ఒప్పుకోక తప్పదు.

చివరకు మాట్లాడినవారు ఇద్దరు. ఒకరు ఆశీలు వేలం పాడుకున్న ఆసామి. "పంచాయతీకి డబ్బు కట్టి పాడుకున్నా. ఈ సాయిబు నాకు రుసుం కట్టినాడు. ఆయన్ను లేపితే ఆ డబ్బు మీరిస్తారా?" అని నిలదీశాడు. రెండవవారు మనుమరాలి చేయి పట్టుకుని నిలబడిన ఒక అవ్వ. "నా పెండ్లికి గాజులు తొడిగింది వీళ్ల నాయన. ఈ పాపకు తొడగనీండి నాయనా, అంతవరకు పక్కకు జరగండి" అన్నది. యువకులు గొణుక్కుంటూ జరిగారు. గాజులాయన పొద్దు వాలేవరకు అక్కడే ఉన్నాడు. పోలీసులు రాలేదు, పంచాయితీ కూర్చోలేదు. ఆ ఇద్దరూ లేకుంటే ఏమయ్యేదన్నదే ఆలోచించవలసిన విషయం.

ఈ గాలి ఎక్కడిది?

ఈ అనుమానం మన పొలాల్లో పుట్టిన పంట కాదు. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లి వచ్చినవారిలో కొందరికి కరోనా సోకినట్లు తేలిన తరువాత, ముస్లింలు పండ్ల మీద, కూరగాయల మీద ఉమ్మి వేసి రోగం అంటిస్తున్నారన్న పుకారు సెల్‌ఫోన్ల ద్వారా దేశమంతా పాకింది. పాత వీడియోలకు కొత్త కథలు అతికించి పంపినవే అందులో అనేకం. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం మర్కజ్‌కు హాజరైన విదేశీయులపై పెట్టిన కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయం వెలిబుచ్చింది. కాని కోర్టు మాట పుకారు పోయినంత దూరం పోలేదు. తోపుడు బండి వద్ద మొదలైన జంకు కొందరి మనసుల్లో అట్లే మిగిలిపోయింది.

తరువాత 2022 మార్చిలో మన పొరుగున ఉన్న కర్ణాటకలోని కోస్తా జిల్లాల్లో, గుడి జాతరలలో ముస్లింలు అంగళ్లు పెట్టరాదని బోర్డులు వెలిశాయి. ఆ మరుసటి నెలలోనే ధార్వాడ దగ్గర నుగ్గికేరి ఆంజనేయస్వామి గుడి ముందు ఒక ముస్లిం వ్యాపారి పుచ్చకాయలను నేలకేసి పగులగొట్టారు. మన జిల్లా మీద కర్ణాటక ప్రభావం ఉన్నది. అక్కడి మాట ఇక్కడికి రావడానికి బస్సు కూడా అక్కరలేదు, సెల్‌ఫోను చాలు.

శ్రీశైలం కేసు చెప్పేదేమిటి?

"గుడి ముందర వ్యాపారం గుడివారి ఇష్టం గదా" అని కొందరు వాదించడం కద్దు. దీనికి జవాబు రాయలసీమలోనే ఉన్నది. దేవాదాయ సంస్థల దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదని 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుకుంటున్నవారు దీనిపై కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడినా, 2020లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. 2021 డిసెంబరులో మరింత విడమరచి, కేవలం మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి తప్పించరాదని చెప్పింది. గుడి పరిసరాల్లో మద్యం, జూదం వద్దనడం వేరు, పూలు, బొమ్మలు అమ్మేవారి మతం చూడటం వేరు అన్నది ఆ ధర్మాసనం అభిప్రాయ సారాంశం.

గర్భగుడిలో పూజ ఎట్లా జరగాలన్నది ఆచారానికి సంబంధించినది. వీధిలో గాజులు ఎవరు అమ్మాలన్నది బతుకు తెరువుకు సంబంధించినది. ఈ రెంటినీ కలిపి ముడివేయరాదు. మతం, జాతి, కులం, పుట్టుక చోటును బట్టి ప్రభుత్వం ఏ పౌరుని పట్లా వివక్ష చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతున్నది. గ్రామ పంచాయతీకి కూడా ఆ కట్టుబాటు ఉన్నది.

పాత మంచి, పాత చెడ్డ

మన ప్రాంతంలో మతాల నడుమ రాకపోకలు కొత్తవి కావు. నార్పల మండలం గూగూడులో మొహరం నాడు కుళ్లాయిస్వామి దర్శనానికి వచ్చేవారిలో హిందువులు వేలాదిగా ఉంటారు. పెనుకొండ బాబయ్య దర్గాకు రెండు మతాలవారూ మొక్కుకుంటారు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు బీబీ నాంచారమ్మను తలచుకుని వెంకటేశ్వరుని గుడికి వెళతారు. మన పల్లెల్లో కుళ్లాయప్ప, ఫక్కీరప్ప, హుస్సేనప్ప, మస్తానమ్మ అన్న పేర్లు గల హిందూ కుటుంబాలు ఎన్నో. జాతరలో పేరు అడిగి మనిషిని లేపాలంటే ముందుగా లేవవలసినవారు వీరే అవుతారేమో!

అయితే "మాది కలిసిమెలిసి ఉన్న ఊరు" అని చెప్పుకుని ఊరుకోవడం చాలదు. పీర్లకు చక్కెర చదివించిన చేతులే హోటల్లో దళితునికి వేరు గ్లాసు అందించిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. పట్టణంలో చదివే పిల్లవానికి పేరు విని గది ఇవ్వనివారున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవారిని అటు ఉర్దూ మాట్లాడేవారు చిన్నచూపు చూడటమూ, ఇటు హిందువులు పరాయివారిగా లెక్కించడమూ దాచవలసిన సంగతి కాదు. చిన్నచూపు ఒక మతం సొత్తు కాదు. అది ఎక్కడున్నా తప్పే.

రెండు గ్లాసుల పద్ధతికి వ్యతిరేకంగా 1955లోనే చట్టం వచ్చింది. చట్టం ఒక్కటే వచ్చి ఉంటే అది పుస్తకంలోనే ఉండేది. వేరు గ్లాసు వద్దని నిలబడి అడిగినవారు, వారి పక్షాన ఫిర్యాదు చేసినవారు ఉన్నచోట్ల ఆ పద్ధతి వెనకడుగు వేసింది. అంగడి విషయంలోనూ అదే జరగవలసి ఉన్నది.

చేయదగినవి

జాతరకు ముందే పంచాయతీ, ఉత్సవ కమిటీ కూర్చుని, రుసుం కట్టిన ప్రతివారికీ స్థలం ఉంటుందని దండోరా వేయించాలి. వేలం షరతులలో మతం ప్రసక్తి రాకుండా సర్పంచులు చూడాలి. ఎవరైనా బెదిరిస్తే వ్యాపారి ఒక్కడే స్టేషనుకు వెళ్లే స్థితి రాకుండా ఊరి పెద్ద ఒకరు వెంట నడవాలి. మతాల నడుమ ద్వేషం రెచ్చగొట్టడం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. సెల్‌ఫోనులో వచ్చినదానిని పదిమందికి పంపే యువకులు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ఉరుసులలో కొబ్బరికాయలు, పూలు అమ్మే హిందువులకు ఎవరైనా అడ్డుచెబితే దర్గా పెద్దలు కూడా ఇదే తీరున నిలబడాలి.

వీటన్నిటికన్న ముందు చేయదగినది మరొకటి ఉన్నది. అది ఆ అవ్వ చేసినదే. పేరు అడుగుతున్నప్పుడు పక్కన ఉన్నవారు ఒక మాట అనడం. ఆ మాట గట్టిగా అననక్కరలేదు, కాని అప్పుడే అనాలి. మలారం కట్టుకుని వెళ్లిన మనిషి మళ్లీ ఏడాది ఆ ఊరికి రాడు. రానివాని కోసం తరువాత ఎవరు ఎంత విచారించినా లాభం లేదు.