రుసుముతో తీరేదా శుశ్రూష?

అబిడ్స్ నుండి నాంపల్లి స్టేషన్ వైపు సాగే రహదారిపై హైదరాబాదు జిల్లా కలెక్టరు కార్యాలయం ఒకప్పుడు ఉండేది. స్వీయ ఆదాయంతో జీవించలేని జననీజనకులు సంతానం నుండి భృతిని కోరుతూ ప్రభుత్వాధికారి ఎదుట నిలువవచ్చునని 2007 నాటి కేంద్ర చట్టం చెబుతున్నది. గరిష్ఠ భృతి నెలకు 10,000 రూపాయలు. వృద్ధులను పరిత్యజిస్తే 3 నెలల వరకు కారాగారవాసం, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులను దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశించిన భూమిలో ఇట్టి శాసనం అవసరమైందంటే ఆ లజ్జ ఎవరిది?

కొందరు వానప్రస్థాన్ని అడ్డుపెట్టుకుంటారు: "పూర్వులు అరణ్యాలకు వెళ్లలేదా? వృద్ధాశ్రమమూ ఆశ్రమమే కదా!" ఇది కేవలం వాక్ఛలం. వానప్రస్థం గృహస్థుడు స్వయంగా స్వీకరించేది. కుమారుడు సంతకం చేసి చేర్పించేది కాదు.

మరికొందరు వృద్ధాశ్రమమనగానే మహాపాపమంటారు. అదీ అవిచారమే. పక్షవాతంతో మంచం పట్టిన తండ్రికి, మతి తప్పిన తల్లికి అహర్నిశలూ శిక్షణ పొందిన పరిచారకులు అవసరం కావచ్చు. "ఇంట్లోనే ఉంచుకోవాలి" అని ధర్మపన్నాలు వల్లించే అనేకుల గృహాలలో పుణ్యం పుత్రునిది, ప్రయాస కోడలిది! చేర్పించడం దోషం కాదు. చేర్పించి విస్మరించడం దోషం.

శుశ్రూషా శబ్దానికి మూలార్థం వినవలెననే కోరిక. స్నానం, ఔషధం, పథ్యం అన్యులకు అప్పగించవచ్చు. ఒకే కథను నూరవసారి చెబుతున్న తల్లి మాటను కుమారునికి బదులుగా ఎవరు వినగలరు? అబిడ్స్‌లో వస్త్రాలు కొనడానికి, జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు సకుటుంబంగా తరలివచ్చే గృహస్థునికి ఈ ఒక్క శ్రవణానికే తీరిక చిక్కదా?

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడు తల్లిదండ్రులను విడిచి వేదాధ్యయనానికి వెళ్లాడు. ఆ శోకంతో వారు అంధులయ్యారు. మిథిలలో మాంసం విక్రయించే ధర్మవ్యాధుడు తన మాతాపితరుల సేవను చూపి, ఇంటికి మరలి వారిని సేవించుమని అతనికి బోధించాడు. వేదాధ్యయనమే సాకు కానప్పుడు ఉద్యోగం సాకవుతుందా?

వారానికొక పూట వెళ్లాలి. మందుల చీటీని స్వయంగా చూడాలి. వీపున పుండ్లు పడ్డాయేమో పరిశీలించాలి. పండుగనాడు వీలైతే ఇంటికి తీసుకురావాలి. దూరదేశంలో ఉన్నవారు నిత్యం ఫోనులోనైనా వినాలి. మరణానంతరం పిండప్రదానానికి పురోహితుని వెదికే కుమారుడు, జీవించి ఉండగా స్వహస్తంతో ఒక్క ముద్ద తినిపించాడా? శ్రద్ధ నుండి పుట్టినదే శ్రాద్ధం. ఆ శ్రద్ధ ప్రాణమున్నప్పుడే ఆరంభం కావాలి.