రాత్రి ఒంటిగంటకు మా గేటు

ప్రొద్దుటూరు నుండి ఖాజీపేటకు మకాం మార్చి అప్పటికి ఇరవై రోజులు కూడా కాలేదు. సామానులో సగం ఇంకా గోనెసంచుల్లోనే ఉంది. ఆ వీధిలో ముస్లింల ఇల్లు మాదొక్కటే. ఎదురింటివారు కె.సి. కాలువ కింద వరి, పసుపు పండించే రైతులు. ఎదురుపడితే “బాగుండారా?” అన్న పలకరింపే తప్ప అంతకు మించిన పరిచయం ఇంకా ఏర్పడలేదు.

ఆ వారంలోనే ప్రొద్దుటూరులో దగ్గరి బంధువుల ఇంట వలీమా జరిగింది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళి చెబుతోంది. 10 కాగానే మైకు ఆపించి, చట్టాన్ని పాటించామని అక్కడ సంతోషపడినవారం మేమే. మైదుకూరు మీదుగా వ్యానులో ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. ఇరుకు వీధిలో వ్యాను నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ జరిగింది. జరిగినప్పుడల్లా దాని రివర్సు హారన్ మోగింది. నిద్రపోతున్న పిల్లలను పేరుపేరునా కేకవేసి లేపాము. ఇనుప గేటు నాపరాయి మీద ఈడ్చుకుంటూ తెరుచుకుంది. కడపకు వెళ్లవలసిన బంధువులకు వీధి మధ్య నిలబడి సలాములు చెప్పాము. మరచిపోయిన టిఫిన్ క్యారియర్ కోసం, కదిలిన వ్యానును అరిచి ఆపాము.

మరునాడు వలీమా మిఠాయి ఎదురింటికి పంపాము. ఆ ఇంటి పెద్దావిడ గిన్నె అందుకున్నారు గాని ముఖాన నవ్వు లేదు. రెండు రోజులు వారి తలుపు మాకోసం తెరుచుకోలేదు. మా ఇంట్లో చర్చ మొదలైంది. మేము ఎవరమో చూసే ఇలా ఉన్నారన్నారు ఒకరు. మనవాళ్ల మధ్యనే ఇల్లు చూసుకోవలసిందన్నారు మరొకరు. నిర్ధారణకు మాకు ఒక్క సాయంత్రం చాలింది. మా వల్ల ఏమైనా జరిగిందా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తోచలేదు.

మూడవనాడు అమ్మే గడప దాటి వెళ్లి, “పెద్దమ్మా, మా వల్ల తప్పేమైనా జరిగిందా?” అని అడిగింది.

“ఏం లేదులేమ్మా” అన్నారు ఆమె. అమ్మ కదలలేదు. మళ్లీ అడిగింది.

“మనవరాలు కాన్పుకొచ్చింది. బిడ్డకింకా నెల నిండలే. జరమొస్తే కడప ఆసుపత్రిలో మూడు దినాలుండి ఆ పొద్దే ఇంటికి తెచ్చినాం. బిడ్డకూ తల్లికీ అప్పుడే కునుకు పట్టింది. మీ బండి సద్దుకు లేసింది. తెల్లారేదాకా ఎత్తుకొని తిరుగుతానే ఉన్నాం.”

“అప్పుడే వచ్చి చెప్పి ఉంటే...”

“చెప్తానని మా వాడు వాకిలి దాకా పోయినాడు. నేనే వద్దంటి. కొత్తోళ్లు, మనమొకటంటే వాళ్లొకటి అనుకుంటారు, మాట ఎక్కడికో పోతాదని.”

అమ్మ ఇంటికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మేమంతా తలలు దించుకున్నాము. ఒక పసిబిడ్డ నిద్ర చెడింది, దానికి క్షమాపణ ఉంది. కాని, మా మతాన్ని తలచుకుని ఒక పొరుగింటి మనిషి తన బాధను గడప దగ్గరే ఆపుకున్నాడు. ఎవరి కీడు నుండి పొరుగువారు నిశ్చింతగా ఉండలేరో అతని విశ్వాసం నిజమైనది కాదని దైవప్రవక్త (స) ప్రమాణపూర్వకంగా హెచ్చరించారని ఎన్నోసార్లు విన్నాము. ఆ మాటలోకి మేము కూడా వస్తామని ఏనాడూ అనుకోలేదు. తన ఇంట మేకను కోసినప్పుడు, యూదుడైన పొరుగువానికి పంపారా అని ఇంటివారిని మళ్లీ మళ్లీ అడిగిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) వృత్తాంతమూ తెలుసు. మిఠాయి పంపి దాన్ని ఆచరించామనే అనుకున్నాము.

సహీహ్ ముస్లింలో హజ్రత్ మిఖ్దాద్ (రజి) చెప్పిన ఒక సంగతి ఉంది. ఆకలితో అలసిన ఆయననూ, ఇద్దరు సహచరులనూ ప్రవక్త (స) తమ ఇంట ఉంచుకున్నారు. రాత్రి వచ్చినప్పుడు, మేలుకున్నవారికి వినిపించేటట్లు, నిద్రపోయేవారు మేలుకోకుండేటట్లు ఆయన సలాం చెప్పేవారట. ఆ గ్రంథంలోనే హజ్రత్ ఆయిషా (రజి) మరో రాత్రిని వివరించారు. ప్రవక్త (స) బఖీ శ్మశానవాటికకు బయలుదేరుతూ, ఆమె నిద్రపోయారని భావించి, దుప్పటిని మెల్లగా తీసుకుని, చెప్పులు మెల్లగా తొడుక్కుని, తలుపు సడి లేకుండా మూశారు. తిరిగి వచ్చాక, నిన్ను లేపడం ఇష్టం లేకనే అలా చేశానని చెప్పారు. సలాం వంటి సత్కార్యానికే అంత మెల్లని గొంతు వాడిన ప్రవక్త (స) అనుచరులం, వీధి నడుమ టిఫిన్ క్యారియర్ కోసం అరిచాము!

మరునాడు మేస్త్రీ వచ్చి గేటు కింది నాపరాయిని చెక్కాడు. బందులకు నూనె పోశాము. రాత్రి పొద్దుపోతే బండిని మెయిన్ రోడ్డు మీదనే దిగి, పిల్లలను భుజాన వేసుకుని నడిచి వస్తున్నాము. అమ్మ రెండు పూటలా వెళ్లి బిడ్డను చూసి వచ్చేది. అల్లాహ్ దయవల్ల బిడ్డ కోలుకుంది. అయినా ఎదురింటివారి మర్యాదలో ఏదో బిగువు చాలా రోజులు మిగిలింది. నవ్వేవారు, కూర్చోమనేవారు, తమకు ఏ ఇబ్బందీ లేదనేవారు.

దాదాపు రెండు నెలలకు ఒక ఉదయం, ఆ పెద్దావిడ కొంగు నడుముకు దోపి మా గేటు ముందుకు వచ్చి గట్టిగా కేకవేశారు.

“ఏమ్మా, నిద్రపోతాండారా? మీ ట్యాంకు పొర్లి నీళ్లన్నీ మా వాకిట్లోకొస్తాండాయి! ముగ్గంతా పాయె!”

అమ్మ నవ్వుకుంటూ మోటారు ఆపడానికి పరుగెత్తింది.