వెదురు పాడదందురా?

పాఠశాల చాపెలులో పైప్ ఆర్గను కట్టింపబూనిన పెద్దలు మొదట అడుగునది గొట్టములెన్ని అని. పిమ్మట, ఏ దేశపు పనితనమని. ఈ వరుస తప్పు. గొట్టములో గాలి ఆడిననే గదా స్వరము! ఆ గదికెంత స్వరము చాలును, ఇచ్చట దొరకు దేనితో గొట్టము చేయవచ్చును అని ముందుగా అడుగవలదా?

తగరము, సీసము లేనిదే ఆర్గను కాదందురా? ఫిలిప్పీన్సులోని లాస్ పిన్యాస్ దేవాలయమును చూడుడి. అచ్చటి గురువు డియేగో సేరా 1816లో పని ఆరంభించి, వెదురు నరికించి, పురుగు పట్టకుండ సముద్రపు ఇసుకలో పాతిపెట్టించెను. 1824లో ముగిసిన ఆ ఆర్గనులో గొట్టములు 1,031. అందు 902 వెదురువే. బూరల స్వరమునకు వెదురు చాలదని తోచినందున లోహము వాడెను. లోహపు గొట్టములు 129 మాత్రమే.

“అది 1973లో జర్మనీకి పోయినది గదా” అని యెత్తిపొడుతురా? పోయినది మరమ్మతునకు, వెదురును పారవేయుటకు కాదు. 1975లో తిరిగివచ్చి నేటికిని మ్రోగుచున్నది.

కావున పెద్దలారా, సంఘపు కానుకలతో విదేశపు ధరల పట్టీ తెప్పించుటకు ముందు, మీ వడ్రంగిని పిలిచి, మీ అడవిలో ఏమి పెరుగునో అడుగుడి.