గల్ఫ్ చమురు క్షేత్రంలో గాయపడితే... ఖురూజ్ సంతకానికి ముందే తెలుసుకోవాల్సిన హక్కులు

మెదక్: గల్ఫ్‌లో పనికి పోయిన మనిషి గాయంతో తిరిగొస్తే మన మొహల్లాల్లో మొదట జరిగేది చందా. జుమా నమాజ్ తర్వాత మస్జిద్ గేటు దగ్గర రుమాలు పరుస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో ఎక్స్‌రే ఫొటోలు తిరుగుతాయి. బంధువులు తలా ఇంత వేస్తారు. రెండు మూడు నెలలకు ఆ మాట అందరూ మరిచిపోతారు. ఆ ఇంట్లో అప్పు మాత్రం మిగులుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో చాలామంది అడగని ప్రశ్న ఒకటుంది. కంపెనీ చట్టప్రకారం ఎంత ఇవ్వాలి? ఖైరాత్‌గా కాదు, హక్కుగా. మెదక్, రామాయంపేట, నర్సాపూర్ వైపు నుంచి సౌదీ, కువైట్, యూఏఈలకు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, స్కాఫోల్డింగ్ పనికి, హెల్పర్లుగా పోయే కుటుంబాలు ఇది ముందే తెలుసుకోవాలి. గాయమయ్యాక ఆస్పత్రి మంచం మీద తెలుసుకుందామంటే అప్పటికే ఏదో ఒక కాగితం మీద సంతకం పడిపోయి ఉంటుంది.

బావి ఒకరిది, మనిషి ఇంకొకరి మనిషి

2022 జనవరి 14న కువైట్‌లోని మీనా అల్ అహ్మదీ రిఫైనరీలో మంటలు లేచాయి. గ్యాస్ ద్రవీకరణ యూనిట్‌లో మరమ్మతులు నడుస్తుండగా జరిగిన ప్రమాదమది. ఇద్దరు ఆసియా కార్మికులు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. వాళ్లు పనిచేస్తున్నది కాంట్రాక్టర్ల కింద.

చమురు పనిలో ఇది మామూలే. బావి, రిఫైనరీ ప్రభుత్వ చమురు కంపెనీది. మరమ్మతు పని పెద్ద కాంట్రాక్టర్‌ది. ఆయన దగ్గర సబ్ కాంట్రాక్టర్, ఆ కింద మనుషుల్ని సప్లై చేసే కంపెనీ. హెల్మెట్ మీద ఒక పేరు, గేట్ పాస్ మీద ఇంకో పేరు, అకామా మీద మూడో పేరు ఉంటుంది. ప్రమాదం జరిగాక 'మా మనిషి కాదు' అని ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

నష్టపరిహారం కోసం ముందుగా చూడాల్సింది అకామా, లేబర్ కాంట్రాక్ట్ ఎవరి పేరున ఉన్నాయన్నది. మొదట జవాబు చెప్పాల్సింది ఆ యజమానే. అందుకే అకామా, కాంట్రాక్ట్, గేట్ పాస్, జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు, వీటన్నిటి ఫొటోలు ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా ఉండాలి. ప్రమాదంలో కార్మికుడి ఫోన్ కాలిపోవచ్చు, పోవచ్చు. ఇంట్లో ఉన్న ఫోన్ భద్రంగా ఉంటుంది.

ఏ దేశంలో ఏముంది?

సౌదీ అరేబియాలో సామాజిక బీమా సంస్థను అందరూ 'గోసీ' అంటారు. పని ప్రమాదాల బీమా కింద యజమాని కార్మికుడి జీతంపై 2 శాతం కట్టాలి. విదేశీ కార్మికులకూ ఇది వర్తిస్తుంది. కార్మికుడి జీతంలోంచి కోయకూడదు. చికిత్స, చికిత్స కాలంలో రోజువారీ భత్యం, శాశ్వత వైకల్యం మిగిలితే ఒకేసారి ఇచ్చే మొత్తం, అన్నీ ఇందులోంచే రావాలి. యజమాని గోసీలో పేరు రాయించకపోతే? అప్పుడూ దారి మూసుకుపోదు. పూర్తి శాశ్వత వైకల్యానికి మూడేళ్ల జీతం, కనీసం 54,000 రియాళ్లు యజమానే ఇవ్వాలని లేబర్ చట్టంలోని 138వ అధికరణం చెబుతోంది. జీతం 1,200 రియాళ్లయితే మూడేళ్లకు లెక్క 43,200. అయినా చేతికి రావాల్సింది 54,000. పాక్షిక వైకల్యమైతే అందులో శాతం ప్రకారం ఇస్తారు.

యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త లేబర్ చట్టం నడుస్తోంది. చికిత్స ఖర్చు యజమానిదే. పనికి పోలేని కాలంలో మొదటి ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాతి ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలి. మరణానికైనా, పూర్తి శాశ్వత వైకల్యానికైనా 24 నెలల బేసిక్ జీతం లెక్క. అది 18,000 దిర్హమ్‌లకు తగ్గకూడదు, 2,00,000 దాటదు.

ఇక్కడ 'బేసిక్' అన్న మాట దగ్గర ఆగాలి. నెలకు 2,000 దిర్హమ్‌లు చేతికొస్తున్నా కాంట్రాక్ట్‌లో బేసిక్ 1,000 అని రాసి మిగతాది అలవెన్సులుగా చూపిస్తే పరిహారం 24,000 దిర్హమ్‌లే అవుతుంది, 48,000 కాదు. వీసా వచ్చిన సంతోషంలో జీతం మొత్తం ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్లు ఈ తేడా గమనించరు.

కువైట్‌లో ప్రైవేటు కార్మికులకు 2010 నాటి 6వ నంబర్ చట్టం, చమురు రంగానికి విడిగా 1969 నాటి 28వ నంబర్ చట్టం ఉన్నాయి. 2010 చట్టం ప్రకారం పనిలో గాయపడితే చికిత్స కాలంలో ఆరు నెలలు పూర్తి జీతం, ఆపైన కోలుకునేదాకా లేదా వైకల్యం తేలేదాకా సగం జీతం ఇవ్వాలి.

గడువులు మర్చిపోతే హక్కు పోతుంది. సౌదీలో ఉద్యోగ సంబంధం ముగిసిన 12 నెలల్లోపు లేబర్ కేసు వేయాలి. యూఏఈలో 2024 సవరణ తర్వాత ఈ గడువు ఉద్యోగం ముగిసినప్పటి నుంచి రెండేళ్లు. 'కొంచెం నయమయ్యాక చూద్దాం' అని ఇంట్లో కూర్చుంటే ఏడాది ఎప్పుడు గడిచిందో కూడా తెలియదు.

అరబీ కాగితం

గల్ఫ్ చట్టాల్లో పరిహారానికి మినహాయింపులున్నాయి. కావాలని గాయం చేసుకున్నా, మత్తులో ఉన్నా, రాసిపెట్టిన భద్రతా నియమాలను కావాలని మీరినా యజమాని తప్పించుకోవచ్చు. అందుకే ప్రమాదం తర్వాత కంపెనీ మనిషి తెచ్చే స్టేట్‌మెంట్ చాలా కీలకం. 'బెల్ట్ కట్టుకోలేదు, తప్పు నాదే' అని అందులో ఉంటే కేసు అక్కడే బలహీనపడుతుంది.

ఖురాన్ చదవడం వచ్చినవాళ్లు అరబీ అక్షరాలు కూడబలుక్కోగలరు. కానీ ఆఫీసు అరబీ అర్థం కావడం వేరే సంగతి. అక్షరాలు తెలుసన్న ధైర్యంతో సంతకం పెట్టకూడదు. ఉర్దూ లేదా హిందీ అనువాదం అడగాలి, అది ఇచ్చేదాకా వేలిముద్ర కూడా వేయకూడదు. కనీసం కాగితం ఫొటో తీసి ఇంటికి పంపాలి.

అంతకంటే ప్రమాదకరమైనది ఫైనల్ సెటిల్‌మెంట్. 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి' అని రాయించుకుని, టికెట్ చేతిలో పెట్టి ఖురూజ్ వేస్తారు. నొప్పితో ఉన్న మనిషికి ఇంటికి చేరితే చాలనిపిస్తుంది. ఆ సంతకం తర్వాత పరిహారం అడగడం చాలా కష్టం. వైకల్యం ఎంత శాతమో రాసిన తుది మెడికల్ రిపోర్టు చేతికి రాకముందే దేశం దాటితే, ఆ శాతాన్ని ఇక్కడి నుంచి తేల్చడం ఇంకా కష్టం. తప్పనిసరిగా రావాల్సి వస్తే, అక్కడున్న నమ్మకమైన బంధువుకు లేదా లాయర్‌కు భారత ఎంబసీ ధ్రువీకరణతో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి. కేసు ఆగకుండా నడుస్తుంది.

ఆజాద్ వీసా అసలు ధర

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కంపెనీ వీసా మీద, రాసిన యజమాని దగ్గరే పనిచేసేవాళ్లకు సులువుగా వర్తిస్తాయి. ఆజాద్ వీసా మీద పోయినవాళ్లకు కాగితం మీద కఫీల్ ఒకరు, పని ఇచ్చేవాళ్లు మరొకరు. ఇంటి డ్రైవర్ వీసా మీద పోయి రిగ్గు దగ్గర పనిచేస్తే, మామూలు లేబర్ చట్టం ఇంటి పనివాళ్లకు వర్తించదు కాబట్టి చిక్కు రెట్టింపవుతుంది. విజిట్ వీసా, ఖల్లివెల్లి అయినవాళ్ల సంగతి మరీ కష్టం. ఆస్పత్రికి పోవడానికే భయపడతారు. అలాంటివాళ్లు కూడా ముందు ఎంబసీ గడప తొక్కాలి. ఎంబసీల దగ్గర 2009 నుంచి ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అత్యవసర వైద్యం, న్యాయ సాయం, తిరుగు టికెట్ ఇచ్చే వీలుంది.

మెదక్‌లో కూర్చుని చేయగలిగేవి

మొదటిది ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని పోయేవాళ్లకు ఇది తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా. యజమాని మారినా పాలసీ పోదు. చాలా ఇళ్లలో ఈ పాలసీ కాగితం ఏజెంట్ దగ్గరే ఉండిపోతుంది. పోయేముందే కాపీ అడిగి తీసుకోవాలి. గడువు తీరితే ఆన్‌లైన్‌లో పొడిగించుకోవాలి.

రెండోది చాలామందికి తెలియని దారి. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ తానే రిక్రూట్ చేసి విదేశీ ప్రాజెక్టుకు పంపితే, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఆ కార్మికుడికీ వర్తిస్తుంది. తాను నివసించే ప్రాంతంలోని కార్మిక శాఖ కమిషనర్ దగ్గరే దరఖాస్తు వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఈ చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది.

పాత చట్టం లెక్క ఇలా ఉంటుంది. నెల జీతం ఎంతున్నా లెక్కకు 15,000 రూపాయల వరకే తీసుకుంటారు. పూర్తి శాశ్వత వైకల్యానికి అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 30 ఏళ్ల వ్యక్తికి ఆ అంకె 207.98. మొత్తం 18,71,820 రూపాయలు. ఒక చేతి బొటనవేలు పోతే 30 శాతం వైకల్యం కింద 5,61,546. చందాల్లో ఇంత మొత్తం ఎక్కడ వస్తుంది? అయితే గల్ఫ్ కంపెనీ నేరుగా ఏజెంట్ ద్వారా తీసుకున్నవాళ్లకు ఈ దారి ఉండదు.

మూడోది ఫిర్యాదులు. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో కుటుంబసభ్యులే కేసు నమోదు చేయొచ్చు. ఏజెంట్ మోసం చేస్తే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. బేగంపేట ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి ప్రవాసీ ప్రజావాణి నడుస్తోంది. లాయర్ ఫీజు కట్టలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది.

బతికొచ్చినవాడి సంగతి?

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు ఇది వర్తిస్తుంది. ఎన్నో ఏళ్ల డిమాండ్ తీరింది, మంచిదే. కానీ ఆ ఉత్తర్వు మరణానికి మాత్రమే. నడుము విరిగి మంచాన పడ్డవాడికి, కళ్లు పోయినవాడికి అందులో చోటు లేదు. భార్యాపిల్లల్ని పోషించాల్సిన మనిషి తానే ఇంకొకరి మీద ఆధారపడితే ఆ ఇంటి భారం తక్కువేమీ కాదు. గల్ఫ్ సంక్షేమం గురించి మాట్లాడే నాయకులు ఈ ఖాళీ గురించి కూడా మాట్లాడాలి.

మస్జిద్ కమిటీలు చేయగలిగిందీ ఒకటుంది. చందా ఆపమని ఎవరూ అనరు, మందులకు అది కావాల్సిందే. దాంతో పాటు ఒక రిజిస్టర్ పెట్టి, గల్ఫ్‌కు పోయే ప్రతి మనిషి అకామా, కాంట్రాక్ట్, బీమా పాలసీ కాపీలు దగ్గర ఉంచుకుంటే చాలు. ప్రమాదం కబురు వచ్చిన రోజు, రుమాలు పరిచేలోపే, 'అబ్బాయ్, ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు' అని ఫోన్ చేసి చెప్పేవాళ్లు ఒకరుండాలి.