బతూమి పోరు – మా గదిలో బల్ల

2025 జూలై 28వ తేదీన, నల్లసముద్రపు ఒడ్డున జార్జియా దేశపు బతూమి పట్టణములో, మహిళల చదరంగ ప్రపంచ కప్పు తుది పోరు ముగిసినది. బల్లకు ఇరువైపుల కూర్చున్నవారు ఇద్దరును భారతీయులే. ఆ పోటీ చరిత్రలో అట్లు జరుగుట అదే ప్రథమము. ఒకరు గుడివాడలో జన్మించిన మన తెలుగు ఆడపడుచు కోనేరు హంపి, వయస్సు 38. రెండవవారు నాగపూరుకు చెందిన దివ్యా దేశ్‌ముఖ్, వయస్సు 19. హంపి పదునైదవ యేట గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన 2002 నాటికి దివ్య పుట్టనేలేదు.

మొదటి రెండు సుదీర్ఘమైన ఆటలును సమముగా ముగిసినవి. త్వరితగతిని ఆడిన తొలి ఆటయు తేలలేదు. మలి ఆటలో గడియారము తరుముచుండగా హంపి పొరబడినది. నల్లపావులతో ఆడిన దివ్య గెలిచినది. ఆ గెలుపుతోనే ఆమెకు గ్రాండ్‌మాస్టరు బిరుదు దక్కినది.

"అయ్యో, మన అమ్మాయి ఓడినది" అని నిట్టూర్చినవారు లేకపోలేదు. నాకు ఆ నిట్టూర్పు సబబుగా తోచదు. 2011లో టిరానా నగరమున చైనా యువతి హౌ యిఫాన్‌తో ప్రపంచ కిరీటమునకై తలపడి, ఎనిమిది ఆటలలో ఒక్కటియు గెలువలేకపోయిన హంపియే ఈమె. 2017లో తల్లియైనది, కొంతకాలము ఆటకు దూరముగా ఉన్నది. మన ఇండ్లలో అంతటితో కథ ముగియును. ఆమె 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది. పెండ్లి కుదిరినదని మూడవ సంవత్సరములో చదువు మానిన మా స్నేహితురాండ్రకు చెప్పవలసినది ఈ సంగతి.

ఉర్దూ చదువుకొను చెల్లెళ్ళకు మరొక ముచ్చట. మన చతురంగమే పారశీకమునకు పోయి షత్రంజ్ అయినది. 1933లో హేస్టింగ్స్‌లో బ్రిటిష్ మహిళల చదరంగ విజేతగా నిలిచినది మిస్ ఫాతిమా అను భారతీయ ముస్లిం యువతి. ఆమె సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఇంటి పరిచారిక. అదే యేడు, ఆ పరివారములోని సుల్తాన్ ఖాన్ మూడవసారి బ్రిటిష్ విజేత అయినాడు. స్వదేశమునకు మరలిన పిమ్మట ఫాతిమా పేరు పోటీలలో మరల వినబడలేదు. హంపికి తండ్రి అశోక్ గారే తొలి గురువు. ఈ ఇద్దరి నడుమ భేదము ప్రతిభలో కాక, వెనుక నిలిచినవారిలోనే ఉన్నదని నా అభిప్రాయము.

మైదానము దూరమనియు, దుస్తులు తగవనియు, ప్రొద్దుపోవుననియు ఆడపిల్లల ఆటలకు చెప్పు అభ్యంతరములలో ఒక్కటియు చదరంగమునకు వర్తింపదు. సిడ్నీ ఒలింపిక్సులో 2000 సంవత్సరమున బరువులెత్తి కాంస్యము తెచ్చిన కరణం మల్లేశ్వరి మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ. అట్టి నేలపై చిటికెనవ్రేలంత కొయ్యబంటును జరుపుటకు మేము అనుమతి కోరవలసివచ్చుట వింత కాదా?

కళాశాల సంఘపు పెద్దలకు మనవి. బల్లలన్నియు బాలుర విశ్రాంతి గదిలోనే ఉన్నవి. మా గదికి రెండు ఇప్పించుడు. వార్షిక పోటీలో బాలికలకు వేరు పట్టిక వలదు. అందరును ఒకే పట్టికలో ఆడుదుము. 1976లో రోహిణీ ఖాడిల్కర్ పురుషుల జాతీయ పోటీలో ఆడగా గొడవ లేచినప్పుడు, స్త్రీలను వారింపరాదని ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే తీర్పు చెప్పియేయున్నాడు. సొమ్ము చాలనిచో ఒక బల్ల మా ఇంటినుండి తెచ్చెదను. అందులో నల్ల ఏనుగొకటి పోయినది. సిరాబుడ్డి మూత పెట్టి ఆడుచున్నాము.