పన్ను విరిగితే పెరికివేయడమే గతియా?

తెలుగులో పన్ను అనే మాటకు రెండు అర్థాలు ఉన్నవి. ఒకటి, జీతం చేతికి రాకముందే కోత పడేది. రెండవది, నోటిలో ఉండేది. మొదటి పన్నును ప్రభుత్వం ఏ నెలా మరచిపోదు. రెండవ పన్నును మాత్రం ప్రభుత్వమూ తలచుకోదు, అది విరిగేదాకా ఉద్యోగీ తలచుకోడు. ఈ వ్యాసం ఆ రెండవ పన్నును గురించి.

1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షను తీవ్రమైన గాయాలను ఎనిమిది తరగతులుగా విభజించింది. కంటిచూపు పోవడం, వినికిడి పోవడం, అవయవం పోవడం వంటి వాటి సరసన ఏడవ తరగతిగా, ఎముక గాని పన్ను గాని విరగడాన్ని, స్థానం తప్పడాన్ని చేర్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 116వ సెక్షనులో ఇదే మాటను నిలుపుకున్నది. ఇక 1923 నాటి కార్మిక పరిహార చట్టాన్ని చూడండి. దాని మొదటి షెడ్యూలులో చేతివేళ్ళను కణుపులతో సహా లెక్కకట్టి ఒక్కొక్కదానికి ఇంత శాతమని వ్రాశారు, కాలివేళ్ళనూ వదలలేదు. దంతానికి అందులో పేరే లేదు. జాబితాలో లేని గాయమైతే సంపాదనాశక్తి ఎంత తగ్గినదో వైద్యుడు నిర్ణయించాలన్నారు. పన్ను పోయినందువల్ల ట్రాక్‌మన్ సుత్తి ఎత్తలేడని ఏ వైద్యుడు వ్రాసి ఇస్తాడు? నేరస్థుని శిక్షించే వేళ ఎముకతో సమానమైన పన్ను, శ్రామికునికి పరిహారం చెల్లించే వేళ కనిపించకుండా పోయింది.

ఈ కనిపించకపోవడమే నా ఫిర్యాదు. మన వైద్య సదుపాయాల విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

నేను రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా పనిచేసినవాణ్ణి. కదిలే బండిలో, రాత్రివేళ, సంచి మూతికి కట్టిన పురికొసను కత్తెర కోసం వెదకకుండా పళ్ళతో తెంపడం మాలో చాలామందికి అలవాటు. అది తప్పని తెలిసీ చేసేవాళ్ళం; స్టేషను దగ్గర పడుతుంటే ఎవరికి తీరిక? అట్లా ఒక రాత్రి నా ఎడమవైపు క్రింది దవడ పన్ను మూల ఒకటి ఊడి వచ్చింది. నొప్పి లేదు. నాలుకకు గరుకుగా తగలడం తప్ప ఏమీ లేదు. చల్లని నీళ్ళు తాగితే జివ్వుమనేది. దానికేముందని కుడివైపు నమలడం నేర్చుకున్నాను. మూడు నెలల తరువాత ఒక రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి చెంప వాచింది. సెలవు దొరికిన రోజున ఆసుపత్రికి పోతే అక్కడి డాక్టరుగారు నోరు తెరిపించి చూసి, "తీసేయమంటారా? అయిదు నిమిషాల పని" అన్నారు. మరొక మార్గం ఉన్నదని ఆయన చెప్పలేదు. ఉన్నదేమోనని నేనూ అడగలేదు. అయిదు నిమిషాలలో పని ముగిసింది. అప్పటి నా సంతోషం ఇప్పటికీ గుర్తున్నది.

ఆ సంతోషం ఖరీదు తరువాత తెలిసింది. ఖాళీ వైపుకు వెనుక పన్ను ఒరిగింది. పైదవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను ఆధారం లేక క్రిందికి దిగింది. సందులలో మెతుకులు ఇరుక్కొని, ఆరోగ్యంగా ఉన్న ఆ రెండు పళ్ళూ పుచ్చినవి. ఒక పంటితో మొదలైన కథ మూడు పళ్ళకు పాకింది.

విరిగిన పన్ను అంటే అంతా ఒకటే కాదు. పంటి పైపొర ఎనామిల్. మన శరీరంలో అంతకంటే గట్టి పదార్థం లేదు. కాని ఎముకవలె అది మళ్ళీ అతుక్కోదు, మళ్ళీ పెరగదు. దానిక్రింద డెంటిన్ అనే పసుపుపచ్చని పొర. ఆ లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని గుజ్జు. విరుపు ఏ పొర దాకా పోయినదన్న దానిమీదే చికిత్సా, ఖర్చూ ఆధారపడి ఉంటాయి. పైపొర మాత్రమే చిట్లితే అంచును నునుపు చేయడమో, పంటిరంగు సిమెంటుతో అతకడమో సరిపోతుంది. పసుపుపొర బయటపడితే చలికీ, తీపికీ జివ్వుమంటుంది. అప్పుడు ఫిల్లింగు వేస్తారు. దీనికి ప్రైవేటు వైద్యశాలలో ఈనాడు సుమారు 500 నుంచి 1,500 రూపాయలు కావచ్చు. నా పన్ను మొదటి రాత్రి ఉన్న స్థితి ఇదే.

విరిగినచోట ఎర్రని చుక్కగా రక్తం కనిపించినా, నొప్పి దానంతట అదే వచ్చి గంటల తరబడి నిలిచినా, గుజ్జు దెబ్బతిన్నదని అర్థం. ఇక రూట్ కెనాల్ తప్పదు. చెడిన గుజ్జును తీసివేసి, వేళ్ళలోని సన్నని కాలువలను శుభ్రం చేసి, పూడ్చివేస్తారు. లోపల డొల్ల చేసిన దవడ పన్ను నమిలే బరువుకు నిలువునా చీలే ప్రమాదం ఉన్నది కనుక పైన తొడుగు, అనగా క్యాపు, వేయించుకోవాలి. రూట్ కెనాల్ చేయించుకొని తొడుగు దగ్గర డబ్బుకు వెనుకాడి, ఏడాది తిరక్కుండా పన్నునూ పెట్టిన డబ్బునూ పోగొట్టుకున్న మిత్రులు నాకు తెలుసు. పిల్లలలో, వేరు ఇంకా పూర్తిగా ఏర్పడని పంటికి మాత్రం గుజ్జును కొంతైనా కాపాడే చికిత్స ఉన్నది. దానికి ఆలస్యం పనికిరాదు. వేరు నిలువునా చీలితేనే పెరికివేయడం తప్ప దారి ఉండదు. అంటే పెరికివేత చివరి మెట్టు. మనవాళ్ళు మొదటి మెట్టుగా ఎక్కుతున్నది దానినే.

మరొక ముచ్చట. నొప్పి తగ్గిపోతే రోగం తగ్గిందనుకోవడం పొరపాటు. లోపలి నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. చీము మాత్రం వేరు చివర పెరుగుతూనే ఉంటుంది. జ్వరం వచ్చి, వాపు మెడకు దిగి, మింగడం కష్టమైతే అది ప్రాణానికే ముప్పు. ఆ రోజు డ్యూటీ సంగతి ఆలోచించరాదు. చిగురుమీద ఆస్పిరిన్ బిళ్ళ అదిమి పెట్టే అలవాటు కూడా మానాలి. అది నొప్పి తీర్చదు, చిగురును కాలుస్తుంది.

దెబ్బ తగిలి పన్ను మొత్తం ఊడివచ్చినప్పుడు చేయవలసినది అందరికీ తెలియాలి. కప్లింగు దగ్గర పనిచేసేవారికీ, సైకిలుమీద తిరిగే పోస్ట్‌మన్‌కూ ఇది ఎప్పుడైనా జరుగవచ్చు. పన్నును వేరు దగ్గర ముట్టుకోకుండా పైభాగాన్ని పట్టుకోవాలి. మట్టి అంటితే నీటిలో క్షణకాలం తొలిపి, రుద్దకుండా, వీలైతే దాని గుంటలోనే తిరిగి నిలిపి దంతవైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. వీలుకాకపోతే పాలలో వేసి తీసుకొని పోవాలి. అరగంటలో చేరితే మేలు. గంట దాటితే అది బ్రతికే ఆశ బాగా తగ్గుతుంది. పిల్లల పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరాదు. టీకొట్టు లేని స్టేషను మన దేశంలో అరుదు కనుక పాలకు కొదువ లేదు. కొదువైనది ఈ సంగతి తెలిసిన మనిషి.

ఇక లెక్కలకు వద్దాం. ఊరినిబట్టి, వైద్యుణ్ణిబట్టి ధరలు మారుతాయి. మన పట్టణాలలో దవడ పంటికి రూట్ కెనాల్ సుమారు 3,000 నుంచి 6,000 రూపాయలు. లోహంపై పింగాణీ వేసిన తొడుగు 3,000 నుంచి 5,000. జిర్కోనియా తొడుగు 8,000కు పైమాటే. పెరికివేయడానికి అయిదువందలో, వెయ్యో. పేద ఉద్యోగి ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు. కాని పోయిన పంటి చోట బ్రిడ్జి కట్టించుకోవాలంటే రెండువైపుల మంచి పళ్ళను అరగదీసి మూడు తొడుగులకు డబ్బు చెల్లించాలి. దవడ ఎముకలో టైటానియం మర బిగించే ఇంప్లాంట్ అయితే 20,000 నుంచి 40,000 దాకా అడుగుతారు. ఏడవ వేతన సంఘం 2016 జనవరి 1 నుంచి నిర్ణయించిన కనిష్ఠ మూలవేతనం 18,000 రూపాయలు. ఒక పంటి ఖరీదు ఒక నెల మూలవేతనాన్ని మించిపోయిందన్నమాట! తీసి పెట్టుకునే ప్లాస్టిక్ కట్టుడు పన్ను చౌక. నేను పెట్టుకున్నది అదే. దానితో జంతికలు నమలలేనని మాత్రం చెప్పగలను.

ఇంత డబ్బు లేనివారికి దారి లేకపోలేదు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నవి. స్వల్ప రుసుముతో అక్కడ చికిత్స జరుగుతుంది. ప్రైవేటు దంత కళాశాలల ఆసుపత్రులలోనూ, విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో చేస్తారు కనుక, బయటికంటే చాలా తక్కువే. రెండు మూడు సార్లు తిరగాలి, వరుసలో కూర్చోవాలి. అందుకు కావలసినది సెలవు. మన వారికి కరువైనది అదే.

మనకున్న హక్కులేమిటి? రైల్వే ఉద్యోగికి సొంత ఆసుపత్రులున్నవి. కాని దంతవైద్యుడు సాధారణంగా పెద్ద ఆసుపత్రిలోనే ఉంటాడు. చిన్న స్టేషనులోని గ్యాంగ్‌మన్ అక్కడికి పోయి రావాలంటే వైద్య కారణాలపై ప్రత్యేక పాసు ఇచ్చే పద్ధతి ఉన్నది. పాసు ఇచ్చినంత సులువుగా రిలీవరును ఎవరిస్తారు? తపాలా ఉద్యోగులలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్నవారికి సి.జి.హెచ్.ఎస్. ఉన్నది. అది లేనిచోట 1944 నాటి కేంద్ర సర్వీసుల వైద్య సహాయ నియమాలు వర్తిస్తాయి. పన్ను తీయించుకోవడం, ఫిల్లింగు, చిగుళ్ళ చికిత్స, రూట్ కెనాల్ వీటిలో అంగీకరించదగినవే. ఈ సంగతి తెలియక తమ డబ్బు ఖర్చుపెట్టుకొని ఊరుకునేవారు ఎందరో! అయితే నిర్ణయించిన రేటుకు మించినది ఉద్యోగే భరించాలి. తొడుగు, కట్టుడు పన్ను దగ్గరకు వచ్చేసరికి షరతులు, అనుమతులు, ఆక్షేపణలు మొదలవుతాయి. సి.జి.హెచ్.ఎస్. లేని ప్రాంతాల పింఛనుదారుకు 2017లో నిర్ణయించిన వైద్యభత్యం నెలకు 1,000 రూపాయలు. రక్తపోటు, మధుమేహం బిళ్ళలకే చాలని ఆ మొత్తంలో పంటికి వాటా ఎక్కడిది?

గ్రామీణ డాక్ సేవకునికి ఆ నియమాల నీడ కూడా లేదు. 2018 జూలై 1 నుంచి నాలుగు గంటల తరగతి బ్రాంచి పోస్ట్‌మాస్టరుకు 12,000, సహాయకునికి 10,000 రూపాయలతో, దానిపై కరువుభత్యంతో మొదలయ్యే ఆదాయం అతనిది. మనం కట్టిన సంచినే అతడు విప్పుతాడు. మనం తెంపిన పురికొసనే అతడూ తెంపుతాడు. అతని పన్ను విరిగితే అది ఏ పద్దుక్రిందికీ రాదు. స్టేషనులు ఊడ్చే కాంట్రాక్టు కార్మికుని మాట చెప్పనే అక్కరలేదు. తన పేరున ఇ.ఎస్.ఐ. చందా కడుతున్నారో లేదో కూడా అతనికి తెలియదు.

పళ్ళు అందానికి సంబంధించినవి, వైద్యానికి కావు అనే వాదన పైఅధికారుల గదులలో ఈనాటికీ వినిపిస్తుంది. ఆ వాదన పాతదే. 1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పినప్పుడు కట్టుడు పళ్ళు కూడా ఉచితంగా ఇచ్చారు. జనం వరుసలు కట్టారు. ఎన్నేళ్ళుగా అణచుకున్న అవసరమో అది! 1951 బడ్జెటులో ఆయుధాల ఖర్చు పెరిగి, కట్టుడు పళ్ళకూ కళ్ళజోళ్ళకూ సగం ఖరీదు వసూలు చేయాలన్నారు. ఆ సేవను నిర్మించిన అనూరిన్ బెవాన్, పదమూడవ ఏట బొగ్గుగనిలో దిగిన మనిషి, మంత్రిపదవికి రాజీనామా ఇచ్చాడు. కట్టుడు పళ్ళ కోసం పదవి వదులుకోవడం కొందరికి నవ్వులాటగా తోచి ఉండవచ్చు. నాకు తోచలేదు. దంతం దగ్గర మొదలైన కోత అక్కడే ఆగదని ఆయనకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021లో ఫ్లోరైడు పేస్టును, గ్లాస్ అయోనొమర్ సిమెంటును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. పన్ను నింపే సిమెంటు ఆ జాబితాలో ఉండగా, పన్ను అలంకారమనే మాట ఇక చెల్లదు.

మన తప్పూ ఉన్నది. వేతనం, పింఛను, ఖాళీల భర్తీ అంటూ మనం ఎన్ని కోర్కెల పత్రాలు వ్రాశామో లెక్కలేదు. వాటిలో దంతవైద్యానికి ఒక పంక్తి కేటాయించిన పత్రం నేను చూడలేదు. రూట్ కెనాల్ తరువాత తొడుగును ఆ చికిత్సలో భాగంగానే పరిగణించి ఖర్చు చెల్లించాలని, వారానికి ఒకరోజైనా దంతవైద్యుడు చిన్న హెల్త్ యూనిట్లకు వచ్చేటట్లు చేయాలని, డాక్ సేవకులను వైద్య సహాయ నియమాల పరిధిలోకి తేవాలని మనం అడగాలి. ఇందులో మూడవది ఎక్కువ ఖర్చుతో కూడినది. అందుకే ముందుగా అడగవలసినదీ అదే.

ఒక చిన్న సూచన. క్లెయిము పెట్టే సభ్యుడు చీటీమీదా, బిల్లుమీదా పంటి సంఖ్య వ్రాయించుకోవాలి. దంతవైద్యులు నోటిని నాలుగు భాగాలుగా చేసి రెండంకెలతో ప్రతి పంటినీ గుర్తిస్తారు. ఎడమ క్రింది దవడలో మొదటి పెద్ద దంతం 36. చికిత్సకు ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలను పదిలపరచాలి. ఏ పంటికి ఏ పని జరిగినదో తెలియడం లేదనే సాకుతో బిల్లు వెనుదిరిగే అవకాశం అప్పుడుండదు. ఇంతకుముందు అట్లా తిరిగివచ్చిన బిల్లులు మీ దగ్గర ఉంటే, తిరస్కరణకు చూపిన కారణంతో సహా వాటి నకళ్ళను శాఖా కార్యదర్శికి అందజేయండి. కోర్కెల పత్రంతో పాటు జతపరచడానికి అవి కావలసి ఉన్నవి.