లక్షకు ఒక్క బండి: ఎవరి లెక్క ఇది?

108 మీద మన రాష్ట్రంలో ఎప్పుడు చర్చ జరిగినా కాంట్రాక్టు ఎవరికిచ్చారు, బండికి ఏ రంగేశారు, దాని మీద ఎవరి బొమ్మ ఉంది అనే దగ్గరే తిరుగుతుంది. 2005 ఆగస్టు 15న మొదలైన సేవ ఎన్ని సంస్థల చేతులు మారిందో మన నాయకులకు కంఠతా వచ్చు. నిలదీస్తే మాత్రం అధికారంలో ఎవరున్నా ఒకటే అంకె చూపిస్తారు: లక్ష జనాభాకు ఒక అంబులెన్సు చాలన్నది జాతీయ ఆరోగ్య మిషన్ ప్రమాణం, మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఉన్నాయి, కాదనను. కానీ ఆ లెక్క నూజివీడులో ఒక్క పూట కూడా నిలబడదు.

2011 జనాభా లెక్కల్లో నూజివీడు పట్టణం 58,590. లక్షకు ఒక్కటి చొప్పున పంచితే ఊరి వాటా సగం బండి చిల్లర. మండలానికొకటి అని 2020లో ప్రకటించారు గనక నిండు బండి దక్కిందని మురిసిపోవాలి కాబోలు! 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఇప్పటికీ పాత తలల లెక్కే ఆధారం. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి ట్రిపుల్ ఐటీలో ఉంటున్న వేల మంది పిల్లలు ఆ 58,590లో ఎంతమంది? 2024 ఆగస్టు చివర్లో ఆ క్యాంపస్‌లో వందల మంది జబ్బుపడినప్పుడు లక్షకు ఒక్కటి అనే లెక్క ఎవరికి ఒరిగింది? ఇక మామిడి సీజన్. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో కోతలకు దిగే కూలీలు, కాయల కోసం రాత్రీ పగలూ తిరిగే లారీలు. కొమ్మ విరిగి పడ్డవాడు, వడదెబ్బ తగిలినవాడు, చీకట్లో లారీ కింద పడ్డ బైకు. తలలు లెక్కపెట్టే పద్ధతికి కాపు కాలం సంగతి తెలియదు.

ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న గడువులు పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30. ఫోను మోగగానే పరుగు మొదలుపెట్టే ఈ గడియారం, బండి రోగి దగ్గరికి చేరగానే ఆగిపోతుంది. నూజివీడు బాధ అక్కడే మొదలవుతుంది. ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్తే, కాస్త పెద్ద కేసైతే చాలు, బెజవాడ తీసుకెళ్లమంటారు. దాదాపు 45 కిలోమీటర్లు. పోను గంట, అక్కడ స్ట్రెచర్ దొరికి రోగిని అప్పగించేసరికి ఇంకాస్త, రాను గంట. ఎంత లేదన్నా రెండున్నర గంటలు ఊళ్లో బండి లేదు. ఆ మధ్యలో మోగిన ఫోనుకు పక్క మండలం బండే దిక్కు, అదీ ఖాళీగా ఉంటే. 2022 ఏప్రిల్ 4న నూజివీడును కృష్ణా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు, మరుసటి ఏడాది ఏలూరుకు మెడికల్ కాలేజీ వచ్చింది. దూరం తగ్గిందా? అటు వెళ్లినా ఇంచుమించు అంతే.

ఏరియా ఆస్పత్రిలో అన్ని రకాల నిపుణులనూ పెట్టలేరన్న వాదన ఒప్పుకుందాం. తల పగిలినవాణ్ని పెద్దాసుపత్రికి పంపాల్సిందే. అయితే ఆ పనికి వేరే బండి పెట్టండి. ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తీసుకెళ్లేది ఒకటి, ఊళ్లో ఫోనుకు పరుగెత్తేది ఒకటి. రెండు పనులూ ఒకే బండి నెత్తిన రుద్ది, కాగితం మీద లక్షకు ఒక్కటి అని చూపిస్తే అది సగటు అవుతుంది గానీ సేవ కాదు. ప్రైవేటు బండ్లున్నాయిగా అనేవారు 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా దగ్గర జరిగింది గుర్తు చేసుకోవాలి. అక్కడి అంబులెన్సువాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, వాళ్లు బయటి బండిని రానివ్వక, ఒక తండ్రి కొడుకు శవాన్ని బైకు మీద 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు ప్రజారోగ్యాన్ని పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ పనుల్లో చేర్చింది. ఊరి బండి ఇప్పుడు ఏ రోడ్డు మీద ఉందో చెప్పమంటే మాత్రం మున్సిపాలిటీ నోరెళ్లబెడుతుంది. దోమల మందు వాళ్లది, ప్రాణాపాయం రాజధానిదట! కాంట్రాక్టు సంస్థకు జరిమానా వేయడానికి 15, 20 నిమిషాల లెక్క ఉంది. బండి ఊళ్లో లేని గంటలకు లెక్క అడిగే నాథుడు లేడు. ఆ అంకెను నెలనెలా ఏరియా ఆస్పత్రి గోడ మీద రాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. మామిడి కోతల మూడు నెలలకు అదనపు బండి కేటాయించడానికీ అంతే.

2020 జూలై 1న బెజవాడ బెంజ్ సర్కిల్‌లో 1,088 బండ్లు బారులు తీరిస్తే రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. అందులో 108లు 412, మిగతావి 104లు. అప్పుడు జెండా ఊపినవారు, ఇప్పుడు ఊపుతున్నవారు మళ్లీ లక్షకు ఒక్కటి అంటూ అసెంబ్లీలో లేచే ముందు ఒక్కదానికి జవాబు తెచ్చుకోండి: నూజివీడు బండి నిన్న ఎన్ని గంటలు నూజివీడులో ఉంది?